తనింటికే వంట రాసుకున్న కేలీన్

మా క్యాష్ లోయలో మంచి తల్లుల పేర్లు చెప్పమంటే వీధికొకరు దొరుకుతారు. మేం మార్మన్ శాఖ క్రైస్తవులం, పిల్లల విషయంలో పీనాసితనం మాకు తెలియదు. ఎనిమిది మందిని పెంచినవాళ్ళున్నారు. పదకొండు మందిని పెంచి, చాలదన్నట్టు గుర్రాల్ని కూడా పెంచినవాళ్ళున్నారు. అయినా నన్నడిగితే కేలీన్ టింగీ పేరే చెబుతాను. ఆమెకి అప్పటికి నలుగురే పిల్లలు. వయసు ఇరవై తొమ్మిది. ఇది ఎనభై నాలుగో సంవత్సరం మాట. అప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజానికి నేనే పెద్దని. మొగుడు పోయి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయి, ఊళ్ళో అందరి పనుల్లోనూ వేలు పెట్టడానికి కావలసినంత తీరిక ఉన్న మనిషిని.

వాళ్ళ వంటగది కిటికీ మా వంటగది కిటికీకి ఎదురుగా ఉండేది. అందుచేత నేను చెప్పేదంతా కళ్ళారా చూసిందే. ఆమె భర్త టెరిల్ పాల ట్యాంకరు తోలేవాడు. తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరి పాడి రైతుల దగ్గర పాలెత్తుకుని చీజ్ ఫ్యాక్టరీకి చేర్చాలి. అతన్ని సాగనంపాక కేలీన్ మళ్ళీ పడుకునేది కాదు. నేలమాళిగలోంచి గోధుమల బకెట్టు మోసుకొచ్చి, మర తిప్పి పిండి పట్టి, పిల్లలు లేచేలోపు ఆరు రొట్టెలు కాల్చేది. ఆ తరవాత ఇక ఊపిరి సలపదు. పెద్దది ఎమలిన్ ఏడేళ్ళది, బడికి వెళ్ళాలి. దాని వెనక అయిదేళ్ళ మిండీ, మూడేళ్ళ హీబర్, పద్నాలుగు నెలల చంటిపిల్ల జోయీ. హీబర్ ఒక్కడు చాలు, ఇల్లు పీకి పందిరెయ్యడానికి. ఒకసారి వాడు ఏడాదికని దాచిన పంచదార డబ్బా ఒలకబోసి అందులో ట్రాక్టరు బొమ్మ నడుపుతున్నాడు. కేలీన్ వాణ్ణి చూసి, "దున్నడం అయ్యాక జల్లెడ పట్టి డబ్బాలో పొయ్యి నాన్నా, వచ్చే ఏడు దాంతోనే గడపాలి" అంది. నేనైతే వాడి వీపు మీద దున్నేదాన్ని.

ఆవులకి ఆదివారం తెలియదు కాబట్టి టెరిల్‌కి వారం విడిచి వారం ఆదివారం కూడా బండి తప్పేది కాదు. ఆ రోజుల్లో నలుగుర్నీ కేలీన్ ఒంటిచేత్తో చర్చికి తెచ్చేది. వెనకనుంచి మూడో బెంచీ వాళ్ళది. సంచిలో క్రేయాన్లు, గుడ్డతో కుట్టిన బొమ్మల పుస్తకం, డబ్బాలో చప్పుడు చెయ్యని తిండి. ఎంత సర్దుకొచ్చినా హీబర్ బెంచీల కింద పాక్కుంటూ వెళ్ళి బిషప్ గారి భార్య కాళ్ళ దగ్గర తేలేవాడు. ప్రభువు రొట్టె పళ్ళెంలో వస్తే ఒక్క ముక్క తీసుకోవాలి కదా, వాడు పిడికెడు తీసుకునేవాడు.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?" అని మిండీ అరిచిందోసారి, ఊళ్ళో అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు.

"మనం ఇప్పుడే వచ్చాం బంగారం. ఇది మొదటి ప్రార్థనే, ఇంకా ప్రసంగాలు మొదలవ్వలేదు" అని కేలీన్ గుసగుసగా చెప్పింది. ముందు బెంచీలో ఉన్న నేను నవ్వాపుకోలేక దగ్గాను.

ఇంత పనిలోనూ ఊళ్ళో ఎవరింట్లో కాన్పైనా, చావైనా, ఎవరికి కాలు విరిగినా మొదట గుమ్మం ఎక్కే వేడి గిన్నె కేలీన్‌దే. మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతుంది. ఎవరికైనా కష్టమొస్తే, పిల్లలు పరీక్షలకి పట్టుకెళ్ళే అట్టలాంటిదానికి ఒక కాగితం తగిలించి ఆదివారం అందరి చేతుల్లోకీ పంపిస్తాం. పైన ఆ ఇంటి పేరు, కింద రోజులు. ఏ రోజు ఎవరు వండి తెస్తారో ఆ గడిలో పేరు రాసుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు గాని, మా ఊళ్ళో అడక్కపోయినా పెడతారు, వద్దన్నా పెడతారు. కేలీన్ అయితే పైన ఎవరి పేరుందో చదివేది కూడా కాదు. ఖాళీ గడి కనిపిస్తే చాలు, తన పేరు పడిపోయేది.

ఆ సెప్టెంబరులో ఆమెకి ఆరో నెల. అయిదో కాన్పు. బుధవారంనాడు టెరిల్ బండి మీద ఉన్నాడని నేనే నా కారులో లోగన్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బయటికొచ్చి కారెక్కాక ఆమె చేతిసంచి తెరుస్తూ మూస్తూ కూర్చుంది. నాకు మౌనం పడదు.

"ఏమన్నాడు డాక్టరు?"

"పడుకోమన్నాడు."

"దానికి డాక్టరెందుకు, నేనూ చెప్తాను."

"అలా కాదు సిస్టర్ లార్సెన్. పది వారాలు. ఎడమవైపు తిరిగి. పిల్లల్ని ఎత్తకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు. లేచి తిరిగితే బిడ్డ నిలవదట." అంతవరకూ మామూలుగానే చెప్పింది. తరవాత కిటికీ వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పకండి."

"చెప్పకపోతే ఎలా పడుకుంటావే? నీ ఇల్లు ఎవరు నడుపుతారు, హీబరా?"

"మా అమ్మ తొమ్మిది మందిని పెంచింది సిస్టర్. ఒక్కసారి కూడా మా ఇంటి పేరు ఆ కాగితం మీదకి ఎక్కలేదు. రెండు బుట్టల పీచ్ పళ్ళున్నాయి. అవి సీసాలకెత్తి మూతలు బిగించాక నేనే పడుకుంటా. మీరు మాత్రం మాటివ్వండి."

"సరే" అన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో ఒక ప్రచారం ఉంది. అది పచ్చి అబద్ధం. మూడు రోజులు నానబెట్టాను. గురువారం ఆమె తడి బట్టల తొట్టి ఎత్తుకుని దండెం దగ్గరికి పోవడం చూశాను, నోరు మూసుకున్నాను. శుక్రవారం పొద్దుటినుంచి పీచ్ పళ్ళ పొయ్యి ముందు నిలబడే ఉంది, నోరు మూసుకున్నాను. శనివారం తెల్లవారుతూనే గోధుమల బకెట్టు ఒక చేత్తో, జోయీని ఒక చేత్తో పట్టుకుని నేలమాళిగ మెట్లెక్కి వచ్చింది. పైమెట్టు మీద ఆగి, గోడకి నుదురు ఆనించి నిలబడింది. అక్కడితో నా ఓపిక అయిపోయింది. నేను కాగితం తీసి పైన టింగీ కుటుంబం అని రాసి, కింద పది వారాలకీ గళ్ళు గీశాను.

నాకూ బుద్ధి ఉంది. ఆమె కంట పడకుండా పని కానివ్వాలనే అనుకున్నాను. మా సమాజం పాటలకి పియానో వాయించేది కేలీనే. మర్నాడు ఆదివారం సమావేశంలో చివరి పాట మొదలయ్యాక, ఆమె వీపు మాకు పెట్టి, ఒళ్ళో జోయీని కూచోబెట్టుకుని వాయిస్తుండగా కాగితాన్ని వెనక వరసలోకి వదిలాను. చెవుల్లో చెప్పుకుంటూ ఒక్కొక్కరూ రాస్తున్నారు. అంతా బాగానే ఉంది. కానీ రెండో వరసలో డెబ్భై ఎనిమిదేళ్ళ సిస్టర్ మెర్లిన్ ఉందే, ఆవిడకి చెవుడు. ఎవరేం చెప్పారో వినబడలేదు. పాపం కేలీన్ ఎప్పుడూ రాస్తుంది కదా, ఆ పిల్లని వదిలేస్తే నొచ్చుకుంటుందని, లేచి వెళ్ళి ఆ అట్టని తీసుకెళ్ళి పియానో మీదే పెట్టింది. రెండు చరణాల మధ్య కేలీన్ పెన్ను తీసుకుంది. కాగితం వైపు అర క్షణం చూసి ఉంటుంది. గురువారం గడి ఖాళీగా కనబడింది, బరికేసింది.

ఆ తరవాత తప్పు నాదే. పాట అయ్యాక అట్ట నా చేతికి రాగానే, ఇరవయ్యేళ్ళ అలవాటు, పైకి చదివేశాను. "మంగళవారం సిస్టర్ థోరా నీల్సన్. బుధవారం బిషప్ గారింటినుంచి. గురువారం సిస్టర్ కేలీన్ టింగీ, చికెనూ అన్నమూ."

ఒకళ్ళిద్దరు నవ్వు ఆపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కేలీన్ అందరి మొహాలూ చూసింది.

"ఎవరింటికి సిస్టర్?"

నేను అట్టని వెనక్కి దాచుకున్నాను. వీధి చివర ఉండే థోరాయే నెమ్మదిగా చెప్పింది. "మీ ఇంటికేనమ్మా."

కేలీన్ పియానో మూత వేసింది. జోయీని చంకనేసుకుని బయటికెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే కంచె దగ్గరికొచ్చింది. నేనెప్పుడూ ఆమె గొంతు పెరగడం వినలేదు. ఆ రోజూ పెరగలేదు.

"మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను. తప్పాను. దేవుడికి నేను చెప్పుకుంటాలే."

"ఊళ్ళో ప్రతి తలుపూ తట్టాను సిస్టర్, చేతిలో గిన్నెతో. గుమ్మం బయట ఎలా నిలబడాలో నాకు తెలుసు. లోపల నిలబడి చేతులు చాపడం నాకు రాదు."

"రాకపోతే నేర్చుకో. నీ కడుపులో ఉన్నదాని కోసం."

"ఆ కాగితం చింపేయండి" అని వెళ్ళిపోయింది. నేను చింపలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇద్దరు మొండివాళ్ళ మధ్య కంచె ఉంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం థోరా వేడి గిన్నె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. కేలీన్ తలుపు సగమే తీసింది.

"శ్రమ పడ్డారు సిస్టర్. మేం తినేశాం."

"మేమింకా తినలేదు కదమ్మా!" అని వెనకనుంచి ఎమలిన్ అంది. ముందురోజు సోమవారం, మా ఇళ్ళల్లో అందరం కుటుంబంతో కూర్చుని పాఠం చెప్పుకునే సాయంత్రం. వాళ్ళ పాఠం నిజాయితీ గురించేనట. థోరా గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చి గోడు వెళ్ళబోసుకుంది. బుధవారం బిషప్ గారి భార్యకీ అదే మర్యాద. కేలీన్ మంచిదే గాని, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకోపక్క భయం. ఒక్కొక్క రోజూ ఆ బిడ్డ ఆయుష్షులోంచి తరుగుతోందని నాకు అనిపించేది.

గురువారం అయిదింటికి ఇక తలుపు తట్టకుండానే లోపలికెళ్ళాను. కేలీన్ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుం మీద. చికెన్ ఉడుకుతోంది, అన్నం ఉడుకుతోంది.

"ఏమిటిది?"

"ఇవాళ నా పేరుంది కదా సిస్టర్. పేరు రాశాక తప్పించుకోవడం నాకు అలవాటు లేదు." నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. గట్టు అంచు పట్టుకుని వంగింది. గరిటె కింద పడింది.

"నొప్పా?"

తల ఊపింది. "పొద్దుటినుంచి" అంది, చాలా చిన్నగా.

తిట్టడానికి టైం లేదు. ముందుగదిలో సోఫా మీద ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి డాక్టరుకి ఫోను చేశాను. కదలకుండా ఒక గంట చూడండి, తగ్గకపోతే ఆసుపత్రికి తెచ్చెయ్యండి అన్నాడు. ఇప్పుడే పుడితే? అని అడిగాను. ఆయన, ఇప్పుడు పుట్టకూడదు అన్నాడు. ఫ్యాక్టరీకి ఫోను చేస్తే టెరిల్ ట్యాంకరుతోనే వచ్చేశాడు. మా బిషప్పులకి జీతం ఉండదు; బిషప్ హోబ్స్ గారు బతుకుతెరువుకి పశువుల డాక్టరు, ఎవరి కొట్టంలోనో ఉంటే అక్కడినుంచి బూట్లతోనే వచ్చి, మోచేతులదాకా కడుక్కున్నారు. ఇద్దరూ ఆమెని దీవించడానికి తల మీద నూనె చుక్క వేసి, చేతులుంచారు. ఇలాంటప్పుడు మా మగవాళ్ళు, అంతా నయమవుతుందని, దేవుడి తరఫున పెద్ద పెద్ద వాగ్దానాలు చేస్తారు. టెరిల్ చెయ్యలేకపోయాడు. "తండ్రీ, ఈమెకి పడుకునే ధైర్యం ఇవ్వు" అన్నాడు, అంతే.

అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఎవరికీ వంటగది గుర్తు లేదు. మాడింది అన్నమే కాదు, చికెనూ గిన్నెకి అంటుకుపోయింది. జోయీ ఏడుస్తోంది, హీబర్ దానికన్నా పెద్దగా ఏడుస్తున్నాడు. మిండీ మూల నిలబడింది. ఎమలిన్ మాత్రం కనబడలేదు.

అది తలుపు తీసుకుని వీధి చివరికి పరిగెత్తిందని థోరా తరవాత చెప్పింది. థోరా తలుపు తీస్తే ఈ పిల్ల రొప్పుతూ నిలబడి, "సిస్టర్ నీల్సన్, మొన్న మా అమ్మ వెనక్కి పంపేసిన కూర ఇంకా ఏమైనా మిగిలిందా?" అని అడిగిందట. "మా అమ్మకి బాగాలేదు. తమ్ముడికి ఆకలేస్తోంది. పాతదైనా ఫరవాలేదు."

థోరా ఆ రాత్రి తన మొగుడికని వండిన బంగాళదుంపల కూర గిన్నెతో సహా పొయ్యి మీదనుంచి దించి తెచ్చేసింది. ఆయన కంచం ముందు కూర్చుని చూస్తూ ఉండిపోయాడట. పిల్లలకి పెట్టాక ఒక పళ్ళెం పట్టుకుని సోఫా దగ్గరికొచ్చింది. కేలీన్ ఆ పళ్ళెం వంక చూసింది. నిజం చెప్పాలంటే నొప్పుల కన్నా ఆ క్షణానికే నేను ఎక్కువ భయపడ్డాను.

"మొన్న మీ మొహం మీద తలుపేశాను సిస్టర్" అంది కేలీన్.

"వేశావులే. నోరు తెరు, చల్లారిపోతుంది."

తెరిచింది. ఎమలిన్ చెంచాతో తినిపించింది. ఒక్కో ముద్దకీ కేలీన్ కళ్ళలోంచి నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి జారుతున్నాయి, అయినా పళ్ళెం ఖాళీ చేసింది. ఏడింటికి నొప్పులు దూరం దూరం జరిగాయి. ఎనిమిదింటికి ఆగిపోయాయి.

ఆ తరవాత పది వారాలు ఆమె చేసిన పని ఇంకెవరైనా చెయ్యగలరంటే నేను నమ్మను. ఏమీ చెయ్యకుండా పడుకుంది. కళ్ళెదుట అందరూ తన ఇంటిని తప్పుగా నడుపుతుంటే చూసింది. తువాళ్ళు ఆమె మూడు మడతలు పెడుతుంది, మేం రెండు పెట్టాం. హీబర్ చొక్కా మిండీకి తొడిగాం. ఆమె మంచి మూకుడు నేనే మాడ్చి, ఇనప పీచుతో గీకి పాడు చేశాను. ఆమె చూసింది. పెదవి కొరుక్కుంది. "థాంక్స్ సిస్టర్" అంది. సోఫా మీదనుంచే ఎమలిన్‌కి లెక్కలు చెప్పేది, మిండీ జడలు వేసేది, హీబర్‌ని కాళ్ళ దగ్గర కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఎప్పుడూ కసురుకోగా వినలేదు. ఒక్క జోయీ దగ్గర మాత్రం ఓడిపోయేది. అది సోఫా పక్కకొచ్చి రెండు చేతులూ పైకి చాపి నిలబడేది, ఎత్తుకోమని. ఎత్తుకోకూడదు. "రా అమ్మా, నువ్వే ఎక్కు" అనేది కేలీన్. మూడో వారానికి అది ఎక్కడం నేర్చుకుంది. ఆ మధ్యలో రోజుల్లో నేను వంటగదిలోకి వెళ్ళిపోయేదాన్ని, చూడలేక.

నవంబరు చివర్లో పాప పుట్టింది. చిన్నది, ఎర్రది, కోపిష్ఠిది. రూత్ ఆన్ అని పేరు పెట్టారు.

జనవరి మొదటి ఆదివారం పాపకి సంఘం ముందు దీవెన. నెల మొదటి ఆదివారం మాకు ఉపవాసం. రెండు పూటలు తినం, ఆ ఖాళీ కడుపుతోనే వచ్చి, ఎవరికి లేవాలనిపిస్తే వాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. బయట మోకాళ్ళ లోతు మంచు. టెరిల్ పాపని చేతుల్లో పట్టుకుని దీవించి కూర్చున్నాక, కేలీన్ లేచి ముందుకెళ్ళింది. కృతజ్ఞతలు చెప్పి ఏడుస్తుందనుకుని నేను రుమాలు తీసి ఉంచుకున్నాను.

"మీరందరూ ఆకలితో ఉన్నారని తెలుసు" అంది. "నేను బాలింతని, పొద్దున్న కడుపునిండా తిన్నాను. ఏమీ అనుకోకండి." అందరూ నవ్వారు. "పది వారాలు మీ వంట తిన్నాను. సిస్టర్ నీల్సన్ జున్ను వేసి చేసే బంగాళదుంపలు, పైన కరకరలాడుతూ. బిషప్ గారింటి గొడ్డుమాంసం, వేలితో నొక్కితే విడిపోయేది. వేడి బన్నులు, వెన్న కరిగి కారుతూ..." ముందు వరసలో ఎవరి కడుపో గట్టిగా మూలిగింది. బిషప్ గారు తల వంచుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. "ఒకావిడ నిమ్మ జెల్లీలో ట్యూనా చేప కలిపారు. ఎవరో చెప్పను. అన్నీ రుచిగా ఉన్నాయంటే నా సాక్ష్యం అబద్ధమవుతుంది. కానీ ఒక్కటీ వదల్లేదు."

నవ్వులు ఆగేదాకా ఉంది. తరవాత టెరిల్ ఒళ్ళో ఉన్న పాప వైపు చూసింది.

"మొదట్లో ప్రతి ముద్దకీ సిగ్గుపడ్డాను. పెట్టడమే ప్రేమ అనుకునేదాన్ని, తినడం కూడా అని నాకు తెలియదు. నేను దీన్ని మోశాను, అంతే. ఆ పది వారాల్లో దీని ఒంట్లోకి నా చేతి వంట ఒక్క ముద్ద పోలేదు. దీని వేళ్ళూ, గోళ్ళూ, ఈ బుగ్గలూ అన్నీ మీరు వండినవే."

ఆమెన్ అని దిగిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆ రుమాలు నాకే పనికొచ్చి, నా ఆమెన్ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది.